హెడ్‌లైట్లకు సానపట్టినవాడు

నా చేతులకు ఊరికే ఉండడం రాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలకు సానపట్టాయి అవి. ఒకరోజు ఆ గదిలోకి బీరువా అంత మిషను వచ్చింది. నేను గంటసేపు కూర్చుని పట్టే అద్దాన్ని అది ఏడు నిమిషాల్లో పట్టి బయటికి తోసేది. యజమాని నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి, "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. విశ్రాంతి అన్నది కనిపెట్టినవాడెవడో గాని, వాడికి చేతులు ఉండి ఉండవు.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఆ గడియారాన్ని విప్పాను. తిరిగి బిగించాక రెండు మరలు మిగిలిపోయాయి. అప్పటినుంచి అది గంటకు నలభై నిమిషాలే నడిచేది. తర్వాత మిక్సీ. చప్పుడు ఎక్కువ చేస్తోందని విప్పాను. మళ్ళీ ఎన్నడూ చప్పుడు చేయలేదు. ఆ తర్వాత వంటింటి కుళాయి. చుక్కచుక్కగా కారుతోందని తిప్పబోతే మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్ళు పడకగదిలోకి వెళ్ళి మంచం కింద చెప్పులను తేల్చాయి. ఆ సాయంత్రం మా అబ్బాయి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళు ఎత్తిపోస్తూ, "నాన్నా, నీకు దండం పెడతాను. ఈ ఇంట్లో ఇంక దేన్నీ బాగుచెయ్యకు" అన్నాడు. నా స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి బీరువా మీద పెట్టాడు. స్టూలు వేసుకుంటే తప్ప అది నాకు అందదు. దానికోసం దొంగలా స్టూలెక్కడానికి నాకు మనసొప్పలేదు.

"చేతులు దురద పెడుతుంటే బఠాణీలు ఒలవండి" అంది మా ఆవిడ. ఒలిచాను. పది నిమిషాల్లో అయిపోయాయి.

ఇక చూడండి నా తిరుగుడు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గేటు దగ్గరికి, గేటు దగ్గర్నుంచి మళ్ళీ గదిలోకి, కాలుగాలిన పిల్లిలా. ఫ్యాను తిరుగుతుంటే ఏ రెక్క వంగిందో చెవికి తెలిసేది, ముట్టుకోకూడదు. తలుపు కీచుమంటే ఒళ్ళు మండేది, ముట్టుకోకూడదు. ఇంట్లో తిండికి లోటు లేదు, మర్యాదకూ లోటు లేదు. కానీ 'ఇది ఆయన చేస్తే బాగుంటుంది' అని ఎవరైనా అనే పని ఒక్కటి కూడా మిగల్లేదు. నాకు కావలసింది ఆ ఒక్కటే. అది లేకపోతే నేను ఆ ఇంట్లో ఉన్నా లేనట్టేనని బాధపడేవాణ్ణి.

అలాంటి రోజుల్లో మా కోడలి కారు హెడ్‌లైట్లు నా కంటబడ్డాయి.

ఆ అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. తెల్లవారకముందే బయల్దేరాలి. కారు పన్నెండేళ్ళ పాతది. హెడ్‌లైట్ల మీది అద్దాలు పసుపెక్కి మసకబారి, లోపల బల్బు ఉందా లేదా అన్నట్టుండేవి.

"లైట్లు వేశానో లేదో దిగి చూసుకోవాల్సొస్తోంది" అంది ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర. "రోడ్డు మీద గుంటేదో నీడేదో తెలీట్లేదు. నిన్నొక సైకిలతను దగ్గరికొచ్చేదాకా కనపళ్ళేదు. ఇంకా గుండె దడగానే ఉంది."

"వచ్చే నెల కొత్తవి వేయిద్దాం" అన్నాడు అబ్బాయి. వాడు వచ్చే నెలకి వాయిదా వేసిన పనులతో ఇంకో ఏడాది గడుపుకోవచ్చు.

నేను తింటున్న కంచం వదిలి లేచాను. చేయి కడుక్కుని, తడివేలితోనే వెళ్ళి ఆ మసక మీద గీత గీశాను. తడి తగిలినంత మేరా అద్దం తేటపడింది. ఆరగానే మసక మళ్ళీ కమ్ముకుంది. మా గురువు అనేవాడు, తడి అద్దాన్ని చూసి మురవొద్దు, ఆరాక చూడు అని. కానీ ఆ రోజు మురిశాను. తడికి తేటపడిందంటే జబ్బు లోపల లేదు, పైపొరలోనే ఉంది. పైపొర సంగతి సాన చూసుకుంటుంది, సాన సంగతి నేను చూసుకుంటాను.

"ఇది నా పని" అన్నాను లోపలికొచ్చి.

అబ్బాయి బీరువా పైకి చూశాడు. మా ఆవిడ దేవుడి వైపు చూసినట్టు పైకప్పు వైపు చూసింది. కోడలు మాత్రం నా చేతుల వైపు చూసింది.

"నా కారే కదా. మావయ్యగార్ని చెయ్యనివ్వండి" అంది.

ఆ మాటకు నేను ఆ పిల్లకి జీవితాంతం రుణపడ్డాను. అది ఆ తర్వాత ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్తాను.

రెండు రోజులకు ఆమె ఒక డబ్బా కొనుక్కొచ్చింది. అందులో మూడు నంబర్ల వాటర్ పేపర్లు, అంటే నీళ్ళు పోస్తూ రుద్దే గరుకు కాగితాలు, ఒక పాలిష్ ట్యూబు, పొట్టి స్ప్రే డబ్బా ఒకటి, ఎలా చేయాలో రాసిన కాగితం ఒకటి. ఆ కాగితాన్ని నేను మడిచి పక్కన పడేశాను. నాకు సానపట్టడం నేర్పే కాగితం ఇంకా అచ్చుకాలేదు.

అద్దం చుట్టూ రంగు గీసుకుపోకుండా టేపు అంటించాను. ముతక కాగితంతో అడ్డంగా రుద్దాను, నీళ్ళు పోస్తూ. పసుపు రంగు పాలలాంటి నీళ్ళు కారాయి. రెండో కాగితంతో నిలువుగా. అడ్డం గీతల్లో ఒక్కటి కూడా మిగలకుండా పోయేదాకా నిలువు ఆపకూడదు. ఎటు గీశామో తెలియకపోతే ఏది పోయిందో ఎలా తెలుస్తుంది? కాగితం మార్చిన ప్రతిసారీ బకెట్టు కడిగి, నీళ్ళు మార్చి, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. ముతక కాగితం తాలూకు రేణువు ఒక్కటి గోటి కింద మిగిలినా చాలు, నున్నటి అద్దం మీద గీత పడుతుంది. మా ఆవిడ వరండాలోంచి చూసి, "ఆపరేషనుకు డాక్టర్లు కూడా ఇన్నిసార్లు కడుక్కోరు" అంది. నాకు కోపం రాలేదు. ఎన్నాళ్ళకో నాకు కోపం రాని రోజు అది.

మూడో కాగితం, ఆ తర్వాత పాలిష్. ఆరబెట్టి చూశాను. లోపలి బల్బు, దాని వెనక వెండిరంగు గిన్నె, దాని మీద సన్నటి గీతలు కూడా కనిపించాయి.

కోడలు నేను పడేసిన కాగితం తీసి చదువుతోంది. "మావయ్యగారూ, చివర్లో ఈ స్ప్రే కొట్టాలట. కోటింగు. లేకపోతే ఎండకి మళ్ళీ పసుపెక్కుతుందట."

"సానపట్టిన అద్దం మీద ఇంకోటి పూస్తారా ఎక్కడైనా? పూశామంటే పట్టినవాడికి పని రాదని ఒప్పుకున్నట్టే."

"కంపెనీవాళ్ళు వేసిన పొర ఒకటి ఉంటుందట. మనం రుద్దినప్పుడు అది కూడా పోతుందట. గాజుకైతే అక్కర్లేదేమో. ఇది ప్లాస్టిక్ కదా..."

"గాజైనా ప్లాస్టికైనా అద్దం అద్దమేనమ్మా. ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టాను."

మరోసారి అడిగింది. మూడోసారి ఆ స్ప్రే డబ్బా తీసుకొచ్చి నా మంచం పక్కన బల్ల మీద పెట్టింది. నేను దాన్ని తీసుకెళ్ళి ఆమె వంటింటి గట్టు మీద పెట్టి, "రంగులు పూసే పని నాది కాదు" అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ పిల్ల డబ్బా తీసి లోపల పెట్టింది.

ఆ సాయంత్రం లైట్లు వేస్తే ఎదురింటి గోడ మీద రెండు తెల్లటి వలయాలు పడ్డాయి. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. అబ్బాయి కాసేపు గోడను చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, స్టూలు వేసుకుని, స్క్రూడ్రైవర్ దింపి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాని పిడిని చొక్కాతో తుడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ ఆదివారమే అనుకుంటా, మా ఆవిడ నన్ను క్షవరానికి తరిమింది. "చెవుల మీదికి వచ్చేసింది, చూడ్డానికి భయమేస్తోంది" అంది. వారం క్రితమే చేయించుకున్నానన్నా వినలేదు. మంగలి కూడా నా తల చూసి, ఏం కత్తిరించమంటారని అడిగాడు. తిరిగొచ్చేసరికి ఇంటి ముందంతా రంగు వాసన. పక్కింటివాళ్ళు కిటికీలకు వేస్తున్నారంది మా ఆవిడ. పొద్దున్న సగం పూర్తిచేసి పెట్టుకున్న గళ్ళ నుడికట్టు పేపరు ఎక్కడా కనిపించలేదు. ఇల్లంతా వెతికి, అందరినీ తిట్టి, పడుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మొదట ఎదురింటి టీచరమ్మ వచ్చింది. తర్వాత దర్జీ. తర్వాత స్కూలు వ్యాను నడిపే డ్రైవరు. "పెద్దాయనా, పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని పోవాలి, నా బండికీ కాస్త చెయ్యిపెట్టండి" అన్నాడు. పెట్టాను. రెండు నెలల్లో మా వీధిలో తొమ్మిది బండ్లకు సానపట్టాను. నా బకెట్టు, నా కాగితాలు, నా గుడ్డలు వరండాలో ఒక అరలో వరసగా ఉండేవి. పొద్దున్నే లేవగానే ఈ రోజు ఎవరి బండి అని గుర్తు తెచ్చుకునేవాణ్ణి. వీధిలో కుర్రకారు నన్ను లైట్ల తాత అనడం మొదలుపెట్టారు. పైకి విసుక్కున్నాను గాని, ఆ పేరు వినపడాలని రెండుసార్లు అటుగా నడిచాను.

తర్వాత ఎండాకాలం వచ్చి, నిప్పులు చెరిగి, వెళ్ళిపోయింది. వానలు మొదలయ్యాయి.

ముసురు పట్టిన ఒక ఉదయం, టీ తాగుతుండగా గేటు చప్పుడైంది. స్కూలు వ్యాను డ్రైవరు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తున్నాడు.

"ఏమైందయ్యా?"

"కల్వర్టు ఎక్కించేశాను. ఇంకా పిల్లలెవరూ ఎక్కలేదు, నా అదృష్టం. మోకాలికి దెబ్బ తగిలింది." గేటు పట్టుకుని నిలబడ్డాడు. "లైట్లు చూడండి పెద్దాయనా. ఇదివరకటికంటే అధ్వానంగా తయారయ్యాయి. ఎదురుగా ఏముందో తెలిసి చస్తేగా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా గొంతు దానంతటదే లేచింది. "నువ్వు మురికి గుడ్డతో తుడిస్తే ఏ అద్దం ఉంటుంది? పెట్రోలు పూసి తుడిచావా?"

"నీళ్ళతో తప్ప తుడవలేదండీ."

అప్పటికే టీచరమ్మ తన గేటు దగ్గరికి వచ్చింది. "మా కారువీ పసుపెక్కాయండీ, మీకు చెప్తే నొచ్చుకుంటారని ఊరుకున్నాను" అంది. ఆమె వెనకే దర్జీ. అతను ఊరికే తలూపాడు. అదే ఎక్కువ మండింది.

అప్పుడే మా కోడలి కారు మలుపు తిరిగి వచ్చి మా గేటు ముందు ఆగింది. ముందురోజు ఆమెకు రాత్రి డ్యూటీ. లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. ఆ ముసురులో అవి తెల్లగా, తేటగా, నిన్ననే పట్టినట్టున్నాయి.

"చూడండి!" అని అరిచాను. "కళ్ళుంటే చూడండి. ఇదే చెయ్యి, ఇవే కాగితాలు. మొదట పట్టింది దీనికే. ఏ ఎండ దీన్ని పసుపెక్కించింది? బండిని చూసుకోవడం చేతకాక నా పనిని అంటారా?"

అందరూ చూశారు. డ్రైవరు తల దించుకుని, "నా ఖర్మ" అని కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. కోడలు కారు దిగి, అతని కాలి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మొహం పాలిపోయి లోపలికి వెళ్ళింది. అలసట అనుకున్నాను.

గెలిచాను కదా, కూర్చుని టీ తాగాలి. కూర్చోలేకపోయాను. కప్పు పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళాను, తాగకుండానే వంటింట్లో పెట్టి వచ్చాను. రేడియో పెట్టాను, ఆపాను. ఫ్రిజ్ తెరిచి, దేనికి తెరిచానో తెలియక మూశాను. ఆ రోజు భోజనం సయించలేదు. మర్నాడు కూడా అంతే. పక్క మీద దొర్లుతుంటే మా ఆవిడ, "ఒంట్లో బాలేదా?" అంది. బాగానే ఉందన్నాను.

నన్ను తినేస్తున్నది ఒకటే. పది బండ్లకు ఒకే చెయ్యి, ఒకే కాగితం, ఒకే నీళ్ళు. వీధంతా తిరిగి చూసుకున్నాను, తొమ్మిది పోయాయి, ఒకటి నిలబడింది. తొమ్మిదిమందీ మురికి గుడ్డతోనే తుడిచారని వీధికి చెప్పగలను గాని నాకు నేను చెప్పుకోలేను కదా. దుకాణంలో పది అద్దాల్లో తొమ్మిది తిరిగొస్తే మా గురువు ఆ తొమ్మిదింటినీ చూసేవాడు కాదు. నిలబడ్డ పదోదాన్ని తీసి, దీనికి ఏం చేశావు అని అడిగేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. కోడలు నిద్రపోతోంది. నేను కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆ అద్దం మీద బొటనవేలి గోరు నడిపించాను. నున్నగా ఉంది. కింది అంచు దాకా వచ్చాక గోరు ఆగింది. అక్కడ ఒక సన్నటి గట్టు ఉంది, వెంట్రుక మందం. టేపు అంటించి, పైన ఏదో పూసి, టేపు ఊడదీస్తే మిగిలే గట్టు అది. నేను పట్టిన అద్దం మీద గోరుకు తగిలేది ఏదీ వదలను. అది నా చేతి పని కాదు.

లోపలికి వెళ్ళి తాళం తెచ్చి డిక్కీ తీశాను. స్టెప్నీ పక్కన పాత తువ్వాలులో చుట్టి ఉంది పొట్టి స్ప్రే డబ్బా. ఊపితే లోపల సగం ఉన్నట్టు చప్పుడైంది. కింద మడతపెట్టిన పేపరు, కారు రంగు మీద పడకుండా కప్పినట్టుంది, అంచుల్లో జిగురు మెరుపు. విప్పాను. గళ్ళ నుడికట్టు. సగం నింపి ఉంది. నా చేతిరాత.

పేపరు పట్టుకుని అలాగే డిక్కీ అంచు మీద కూర్చుండిపోయాను. ఆ ఆదివారం, కత్తిరించడానికి వెంట్రుకలు లేని తల పట్టుకుని మంగలి ముందు కూర్చున్న నన్ను తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

మా ఆవిడ వచ్చి చూసింది. నా చేతిలో ఉన్నదేమిటో చూసి, దాచడానికి ప్రయత్నించలేదు.

"నీకూ తెలుసన్నమాట."

"పేపరు పట్టుకుంది నేనే."

"నవ్వుకున్నారా ఇద్దరూ?"

"ఏడిసినట్టుంది." ఆమె గొంతు పదునెక్కింది. "ఆ పిల్ల మూడుసార్లు అడిగింది మిమ్మల్ని. మూడుసార్లూ మీరేమన్నారు? గడియారం పోయింది, మిక్సీ పోయింది, కుళాయి పోయింది. ఇదీ పోతే ఈసారి మంచం పట్టి గోడ వైపు తిరిగి పడుకుంటారని భయం దానికి. 'మావయ్యగారు ఇన్నాళ్ళకు కడుపునిండా తింటున్నారు అత్తయ్యా' అంది. నేనేం చెయ్యను?"

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే వినే మనిషైతే క్షవరానికెందుకు పంపిస్తాను?"

కోపం వచ్చింది. ఎవరి మీద అని వెతుక్కుంటే ఎవరి దగ్గరా నిలబడలేదు. వ్యాను కల్వర్టు ఎక్కింది. పిల్లలు ఎక్కాక ఎక్కి ఉంటే? అప్పటికి రెండు రోజుల క్రితమే ఆ మనిషిని అదే వీధిలో నలుగురి ముందు నోరు మూయించాను, నాది కాని వెలుగు చూపించి. లేచి లోపలికి వెళ్ళి, స్టూలు వేసుకుని, స్క్రూడ్రైవర్‌ను నా చేత్తోనే బీరువా మీద పెట్టేశాను.

కోడలు నిద్ర లేచి వచ్చేసరికి నేను వరండా మెట్టు మీద ఉన్నాను. పక్కన స్ప్రే డబ్బా. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది.

"మావయ్యగారూ..."

"ఎంత దూరం నుంచి కొట్టావు?"

ఆమెకు అర్థం కాలేదు. "ఏంటండీ?"

"ఈ స్ప్రే. అద్దానికి ఎంత దూరంలో పట్టుకోవాలి?"

"జానెడు." వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వ్యాను సంగతి విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. నా ఒక్కదానికే కొట్టుకుని ఊరుకున్నాను. మిగతా బండ్లకి కొట్టమని మీతో దెబ్బలాడాల్సింది. మీరు బాధపడతారనుకున్నానే గాని, వాళ్ళ సంగతి ఆలోచించలేదు."

"నువ్వు దెబ్బలాడినా నేను వినేవాణ్ణి కాదు" అన్నాను. "ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. పద."

"ఎక్కడికి?"

"డ్రైవరు ఇంటికి."

వీధి మొత్తం నడవాలంటే నాకు నాలుగు నిమిషాలు. ఆ రోజు అరగంట పట్టినట్టనిపించింది. డ్రైవరు వ్యాను పక్కనే అరుగు మీద కాలు చాపుకుని ఉన్నాడు. మోకాలికి కట్టు. దర్జీ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి టీచరమ్మ కూడా వచ్చింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, రాకుండా ఎలా ఉంటుంది?

"మొన్న మీకు మా కోడలి కారు చూపించాను" అన్నాను. "ఆ మెరుపు నాది కాదు. నేను పట్టాక దాని మీద ఒక పొర వేయాలి. ఈ అమ్మాయి నాకు మూడుసార్లు చెప్పింది. నేను వినలేదు. నాకు తెలియకుండా తన కారుకు తనే వేసుకుంది. మీ బండ్లకు ఎవరూ వేయలేదు. అందుకే పసుపెక్కాయి. నీ తుడుపులో తప్పు లేదయ్యా. తప్పు నాది."

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. దర్జీ నేల చూపులు చూశాడు. నేను డ్రైవరు మొహం వైపే చూస్తున్నాను, తిడతాడని. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

అతను కట్టు సవరించుకున్నాడు. "మరి ఆ పొర ఇప్పుడు వేస్తారా, రేపా? ఎల్లుండి నుంచి బండి తీయాలి."

కోడలు నా వైపు తిరిగింది. "ఇప్పుడే" అన్నాను.

ఆమె వ్యాను ముందుకు వెళ్ళి వంగి చూసింది. "ఈ అద్దం చుట్టూ రింగు ఉంది మావయ్యగారూ, అది తీస్తే తప్ప అంచుదాకా రాదు. మీ స్క్రూడ్రైవర్ ఏది?"

"బీరువా మీద."

ఎందుకక్కడ ఉంది అని అడగలేదు. గబగబా నడిచి వెళ్ళి, నా బకెట్టు, కాగితాలతో పాటు తీసుకొచ్చి, స్క్రూడ్రైవర్ నా చేతికి ఇచ్చింది. ఆమె చేతివేళ్ళకు బీరువా మీది దుమ్ము అంటుకుంది.

రింగు తీశాను. మళ్ళీ మొదటినుంచి మొదలు. అడ్డం, నిలువు, మళ్ళీ అడ్డం. బకెట్టు నీళ్ళు నాలుగుసార్లు మార్చాను. ఆమె ఆసుపత్రి స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్దమంతా తుడిచి, ఈగ వాలకుండా దర్జీ చేత అట్ట పట్టించి, మొదటి లైటుకు తను కొట్టింది. చెయ్యి ఆగకుండా ఒక కొసనుంచి ఇంకో కొసకు, పల్చగా. ఆరనిచ్చి మరోసారి. నేను పక్కన నిలబడి చూశాను. చిన్నప్పుడు మా గురువు పక్కన నిలబడినట్టే నిలబడ్డాను, చేతులు వెనక్కి కట్టుకుని.

రెండో లైటు దగ్గరికి వచ్చాక ఆమె డబ్బా నాకు అందించింది.

జానెడు దూరంలో పట్టుకున్నాను. నొక్కాను. ఒక చోట చెయ్యి ఆగింది. అద్దం మీద చిక్కగా పడి, బొట్టు కట్టి, కిందికి జారింది.

"పర్లేదండీ, కనపడదు" అంది కోడలు.

"పర్లేదు గిర్లేదు అనకు" అన్నాను. "మళ్ళీ సానపడదాం."

ఆ పొర గట్టిపడేదాకా ఆగి, దాన్నంతా రుద్దేసి, మళ్ళీ మూడు కాగితాలూ నడిపించాను. ఎవరూ విసుక్కోలేదు. డ్రైవరు భార్య టీ ఇచ్చింది. ఈసారి చెయ్యి ఆపకుండా కొట్టాను. పైపొర తడితడిగా మెరుస్తోంది. లోపలి బల్బు, దాని వెనక గిన్నె, అన్నీ కనిపిస్తున్నాయి. మురవబుద్ధేసింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా అద్దాన్ని నేను తప్ప ఎవరూ తనిఖీ చేయలేదు. చేయనివ్వలేదు. ఒకసారి యజమాని దీపానికి ఎదురుగా పట్టి చూడబోతే చేతిలోంచి లాక్కున్నాను కూడా.

డబ్బా మూత పెట్టి కోడలికి ఇచ్చాను.

"నేను అరుగు మీద కూర్చుంటానమ్మా" అన్నాను. "ఆరాక నువ్వు చూసి చెప్పు."